సివిల్స్ శిక్షణకు ఢిల్లీ వెళ్లే ముందు: ప్రకటనల వెనుక చూడవలసిన వాస్తవాలు

2024 జులై 27 సాయంత్రం ఢిల్లీలో కురిసిన భారీ వర్షానికి ఓల్డ్ రాజేందర్ నగర్‌లోని ఒక సివిల్స్ శిక్షణ సంస్థ నేలమాళిగలోకి వరదనీరు చొచ్చుకువచ్చింది. అక్కడి గ్రంథాలయంలో చదువుకుంటున్న ముగ్గురు అభ్యర్థులు బయటపడే మార్గం లేక ప్రాణాలు కోల్పోయారు. ఉత్తరప్రదేశ్, తెలంగాణ, కేరళలకు చెందిన కుటుంబాలు తమ బిడ్డలను పోగొట్టుకున్నాయి. వాహనాలు నిలపడానికి, సామగ్రి భద్రపరచడానికి మాత్రమే అనుమతి ఉన్న నేలమాళిగను గ్రంథాలయంగా వాడుతున్నట్లు ఆ తరువాత వెల్లడైంది. ఢిల్లీ హైకోర్టు ఆగస్టు 2న కేసు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. ఆగస్టు 5న సుప్రీంకోర్టు శిక్షణ కేంద్రాల భద్రతపై తనంతట తానుగా విచారణ చేపట్టి, ఈ కేంద్రాలు మృత్యు కూపాలుగా మారాయని వ్యాఖ్యానించింది.

ఈ విషాదం అభ్యర్థుల భద్రతతో పాటు మరో ప్రశ్నను కూడా ముందుకు తెచ్చింది. ఏటా తెలుగు రాష్ట్రాల నుంచి ఎందరో పట్టభద్రులు డిగ్రీ పూర్తికాగానే సివిల్స్ శిక్షణ కోసం ఢిల్లీ రైలెక్కుతున్నారు. తల్లిదండ్రులు కూడబెట్టిన సొమ్ము, కొన్ని సందర్భాలలో అప్పు చేసి తెచ్చిన సొమ్ము, ఈ ప్రయాణానికి పెట్టుబడి అవుతున్నది. ఇంతటి నిర్ణయం దేని ఆధారంగా జరుగుతున్నదని చూస్తే, ఎక్కువ సందర్భాలలో అది ఒక ప్రకటన, ఒక హోర్డింగు, లేదా పరిచయస్తుడు చెప్పిన ఒక మాట మాత్రమే. శిక్షణ సంస్థను ఎంచుకునే ముందు ఏమేమి పరిశీలించాలో, చట్టాలు, మార్గదర్శకాలు అభ్యర్థికి ఏ హక్కులు కల్పిస్తున్నాయో తెలుసుకోవడం అవసరం.

పరీక్ష ఎంత జల్లెడ పడుతుంది?

కేంద్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్, అంటే యూపీఎస్సీ, నిర్వహించే సివిల్ సర్వీసుల పరీక్ష మూడు దశలలో జరుగుతుంది. మొదటిది ప్రిలిమ్స్. ఇందులో జనరల్ స్టడీస్ పేపరు 200 మార్కులకు 100 ప్రశ్నలతో ఉంటుంది. సీశాట్ అని పిలిచే రెండవ పేపరులో 80 ప్రశ్నలకు 200 మార్కులు కేటాయించినా, అందులో 33 శాతం తెచ్చుకుంటే చాలు. ఆ మార్కులు అర్హతకే పరిమితం. ప్రతి తప్పు సమాధానానికి ఆ ప్రశ్న మార్కులలో మూడవ వంతు కోత పడుతుంది.

రెండవ దశ మెయిన్స్‌లో తొమ్మిది పేపర్లు ఉంటాయి. వీటిలో భారతీయ భాష, ఇంగ్లీషు పేపర్లు అర్హత కోసం మాత్రమే. వ్యాసం, నాలుగు జనరల్ స్టడీస్ పేపర్లు, ఐచ్ఛిక విషయం, అంటే ఆప్షనల్‌లో రెండు పేపర్లు, ఒక్కొక్కటి 250 మార్కుల చొప్పున మొత్తం 1,750 మార్కులకు ఉంటాయి. మూడవ దశ ఇంటర్వ్యూకు 275 మార్కులు. ప్రిలిమ్స్ మార్కులను కలపరు గనుక తుది ర్యాంకు 2,025 మార్కులకు నిర్ణయమవుతుంది.

2023 పరీక్షకు 10 లక్షలకు పైగా దరఖాస్తులు అందగా, ప్రిలిమ్స్ రాసినవారు 5,92,141 మంది. వారిలో 14,624 మంది మెయిన్స్‌కు, 2,855 మంది ఇంటర్వ్యూకు చేరుకున్నారు. చివరకు 1,016 మందిని కమిషన్ సిఫార్సు చేసింది. అంటే ప్రిలిమ్స్ రాసిన ప్రతి వందమందిలో ఇద్దరు ముగ్గురు మాత్రమే రెండవ దశను చూడగలిగారు. ఇంటర్వ్యూ వరకు వెళ్లినవారిలో మాత్రం మూడింట ఒక వంతుకు పైగా విజయం సాధించారు. శిక్షణ సంస్థల ప్రకటనలను అర్థం చేసుకోవడానికి ఈ తేడా కీలకం.

ఢిల్లీలో శిక్షణ ఎక్కడెక్కడ?

ఢిల్లీలో సివిల్స్ శిక్షణ ప్రధానంగా రెండు ప్రాంతాలలో కేంద్రీకృతమై ఉంది. పశ్చిమాన కరోల్‌బాగ్ మెట్రో స్టేషన్‌కు సమీపంలోని ఓల్డ్ రాజేందర్ నగర్ ఇంగ్లీషు మాధ్యమ అభ్యర్థులకు పేరుపొందింది. ఉత్తరాన ఢిల్లీ విశ్వవిద్యాలయానికి, జీటీబీ నగర్ మెట్రో స్టేషన్‌కు దగ్గరలోని ముఖర్జీ నగర్ చాలాకాలంగా హిందీ మాధ్యమ అభ్యర్థుల కేంద్రంగా ఉంది. ఇటీవలి సంవత్సరాలలో నోయిడా వైపు కూడా శిక్షణ సంస్థలు విస్తరిస్తున్నాయి. దక్షిణాది నుంచి వచ్చేవారిలో ఎక్కువమంది మొదట అడుగుపెట్టేది ఓల్డ్ రాజేందర్ నగర్‌లోనే.

ఈ ప్రాంతాలలో లభించేది తరగతి గది పాఠాలు మాత్రమే కాదు. చదువుకునే గదులు, నోట్సు అమ్మే జిరాక్స్ దుకాణాలు, టెస్ట్ సిరీస్‌లు, ఒకే లక్ష్యంతో ఉన్న వేలాది అభ్యర్థుల సాంగత్యం అన్నీ ఒకేచోట ఉంటాయి. పరీక్షా వాతావరణం కావాలనుకునేవారికి ఇది నిజమైన సౌకర్యమే. అయితే ఇరుకు గదులకు అధిక అద్దె, గది చూపించిన బ్రోకరుకు కమీషను, తిండి ఖర్చు, వేసవిలో ఎండ, శీతకాలంలో కాలుష్యం కూడా దానితో పాటే వస్తాయి. సాధారణంగా జనరల్ స్టడీస్ ఫౌండేషన్ కోర్సు ఫీజు లక్షన్నర రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది. ఆప్షనల్‌కు, టెస్ట్ సిరీస్‌కు వేరుగా చెల్లించాలి. శిక్షణ ఫీజుపై 18 శాతం జీఎస్టీ వర్తిస్తుంది. ప్రకటనలోని ఫీజులో పన్ను కలిసి ఉన్నదో లేదో ముందే తెలుసుకోవాలి.

ఎంపికల సంఖ్యలో దాగిన మర్మం

ఫలితాలు వెలువడిన మరునాడే పత్రికలలో, మెట్రో స్టేషన్లలో, సామాజిక మాధ్యమాలలో ర్యాంకర్ల ఫొటోలతో ప్రకటనలు ప్రత్యక్షమవుతాయి. ఒకే అభ్యర్థి ఫొటో నాలుగైదు సంస్థల ప్రకటనలలో కనిపించడం పరిపాటి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, ఈ ప్రకటనలపై జరిపిన విచారణలలో అసలు విషయం బయటపడింది.

2022 పరీక్షలో యూపీఎస్సీ సిఫార్సు చేసినవారు మొత్తం 933 మంది. వారిలో 336 మంది తమవారేనని శంకర్ ఐఏఎస్ అకాడమీ ప్రకటించుకున్నది. ఆ 336 మందిలో 221 మంది తీసుకున్నది ఉచిత ఇంటర్వ్యూ మార్గదర్శనం మాత్రమేనని సీసీపీఏ నిర్ధారించి, 2024 సెప్టెంబరులో 5 లక్షల రూపాయల జరిమానా విధించింది. అదే పరీక్షలో తమ సంస్థ నుంచి 617 మంది ఎంపికయ్యారని వాజీరావ్ అండ్ రెడ్డి ఇన్‌స్టిట్యూట్ ప్రకటించింది. ఆ 617 మందీ ఇంటర్వ్యూ మార్గదర్శన కార్యక్రమంలో చేరినవారేనని తేలడంతో 2024 డిసెంబరులో 7 లక్షల రూపాయల జరిమానా పడింది.

ఈ రెండు సంస్థల సంఖ్యలను కూడితే 953 అవుతుంది. అంటే ఎంపికైన మొత్తం అభ్యర్థుల కంటే రెండు సంస్థలు చెప్పుకున్న విజేతలే 20 మంది ఎక్కువ. దేశంలోని మిగిలిన శిక్షణ సంస్థల ప్రకటనలను ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. ఒకే అభ్యర్థిని పలు సంస్థలు తమ ఖాతాలో వేసుకుంటేనే ఇది సాధ్యమవుతుంది.

ఇంటర్వ్యూకు పిలుపు అందుకున్న అభ్యర్థి నాలుగైదు చోట్ల ఉచిత మాక్ ఇంటర్వ్యూలకు హాజరు కావడం సహజం. అప్పటికే అతడు ప్రిలిమ్స్, మెయిన్స్ దాటి ఉంటాడు. ఆ దశకు చేరినవారిలో మూడింట ఒక వంతుకు పైగా ఎలాగూ ఎంపికవుతారు. కనుక వేయిమందికి ఒక్కరోజు మాక్ ఇంటర్వ్యూ నిర్వహించిన సంస్థ, ఒక్క పాఠం చెప్పకుండానే, మూడు వందల మందికి పైగా విజేతలను చూపించుకోగలదు. ఆ బోర్డును చూసి మూడేళ్ల ఫౌండేషన్ కోర్సుకు ఫీజు కట్టే డిగ్రీ విద్యార్థికి ఆ సంఖ్య ఏ విధంగానూ వర్తించదు. ఆ కోర్సులో చేరిన ఎంతమందిలో ఎందరు ప్రిలిమ్స్ దాటారన్నదే అతనికి కావలసిన లెక్క. ప్రకటనలలో సాధారణంగా కనిపించనిది కూడా అదే.

నియమాలు ఏమంటున్నాయి?

శిక్షణ రంగంలో తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణకు సీసీపీఏ 2024 నవంబరు 13న మార్గదర్శకాలు జారీ చేసింది. వీటి ప్రకారం ఎంపిక ఖాయమని, ర్యాంకు గ్యారంటీ అని ప్రకటించరాదు. విజేత పేరు, ఫొటో, అభిప్రాయం వాడుకోవడానికి ఫలితం వచ్చిన తరువాత అతని లిఖితపూర్వక అంగీకారం పొందాలి. ఫొటోతో పాటు అతని ర్యాంకు, తీసుకున్న కోర్సు పేరు, దాని కాలవ్యవధి, అందుకు ఫీజు చెల్లించాడా లేదా అన్న వివరాలు చూపించాలి. ఈ సమాచారాన్ని కనిపించీ కనిపించని చిన్న అక్షరాలలో ఇవ్వరాదు. సీట్లు అయిపోతున్నాయంటూ అబద్ధపు తొందర కల్పించడం కూడా నిషిద్ధమే. మార్గదర్శకాలు వెలువడే నాటికి 45 సంస్థలకు నోటీసులు వెళ్లాయి. 18 సంస్థలపై 54.60 లక్షల రూపాయల జరిమానా పడింది.

కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ 2024 జనవరిలో శిక్షణ కేంద్రాల క్రమబద్ధీకరణకు వేరుగా నమూనా మార్గదర్శకాలను రాష్ట్రాలకు పంపింది. యాభై మందికి మించి విద్యార్థులున్న కేంద్రాలు నమోదు చేసుకోవాలని, బోధకులకు కనీసం డిగ్రీ ఉండాలని, ఒక్కో విద్యార్థికి తరగతి గదిలో కనీసం ఒక చదరపు మీటరు స్థలం ఉండాలని, రోజుకు ఐదు గంటలకు మించి తరగతులు నడపరాదని వీటిలో ఉంది. కోర్సు మధ్యలో ఫీజు పెంచరాదు. పూర్తి ఫీజు చెల్లించిన విద్యార్థి మధ్యలో మానేస్తే, మిగిలిన కాలానికి తగిన సొమ్మును పది రోజులలో తిరిగి ఇవ్వాలి. అయితే ఇవి రాష్ట్ర ప్రభుత్వాలు అమలులోకి తెచ్చుకోవలసిన మార్గదర్శకాలు. కనుక ఫీజు వాపసు షరతులను రసీదుపైన లేదా ప్రవేశ పత్రంలో రాతపూర్వకంగా తీసుకోవడమే అభ్యర్థికి రక్ష.

సొమ్ము తిరిగి ఇవ్వకుండా సంస్థ ముఖం చాటేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. సివిల్స్, ఇంజినీరింగ్ తదితర కోర్సులకు చెందిన 600 మందికి పైగా అభ్యర్థులకు ఈ మార్గంలో 1.56 కోట్ల రూపాయలు తిరిగి ఇప్పించినట్లు కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2025 ఫిబ్రవరిలో వెల్లడించింది.

భవనాన్ని కూడా పరిశీలించాలి

2023 జూన్ 15న ముఖర్జీ నగర్‌లోని ఒక శిక్షణ కేంద్రం భవనంలో మంటలు చెలరేగినప్పుడు విద్యార్థులు కిటికీల నుంచి తాళ్లు పట్టుకుని దిగవలసి వచ్చింది. పలువురు గాయపడ్డారు. ఏడాది తిరగగానే ఓల్డ్ రాజేందర్ నగర్ విషాదం జరిగింది. ఆ తరువాత ఢిల్లీ నగరపాలక సంస్థ నిబంధనలకు విరుద్ధంగా నడుస్తున్న అనేక నేలమాళిగలను మూసివేసింది.

తరగతి గదిని చూడటానికి వెళ్లిన అభ్యర్థి, తల్లిదండ్రులు కొన్ని విషయాలను కళ్లారా గమనించవచ్చు. తరగతి గాని, గ్రంథాలయం గాని నేలమాళిగలో ఉన్నదా? బయటికి రావడానికి ఒకే మెట్లదారి ఉన్నదా, రెండవది కూడా ఉన్నదా? ద్వారం వేలిముద్రతో, కార్డుతో మాత్రమే తెరుచుకునేదైతే కరెంటు పోయినప్పుడు ఎలా తెరుచుకుంటుంది? విద్యుత్ మీటర్లు మెట్ల పక్కనే గుంపుగా ఉన్నాయా? అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రాన్ని చూపగలరా? వర్షాకాలంలో ఆ వీధిలో నీరు నిలుస్తుందా అన్నది పక్కనున్న దుకాణదారును అడిగినా తెలుస్తుంది. అద్దెకు తీసుకునే పీజీ గది విషయంలోనూ, నెలవారీ రుసుముతో నడిచే ప్రైవేటు లైబ్రరీల విషయంలోనూ ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి. అభ్యర్థి రోజులో ఎక్కువ గంటలు గడిపేది తరగతిలో కాదు, ఈ రెండు చోట్లనే.

తెలుగులో రాయదలచినవారికి ప్రత్యేక సమస్య

మెయిన్స్‌ను రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా రాయవచ్చు. ఇంటర్వ్యూకూ తెలుగును ఎంచుకోవచ్చు. తెలుగు సాహిత్యాన్ని ఆప్షనల్‌గా తీసుకునే వీలుంది. అయితే భాషా సాహిత్యాల పేపర్లు మినహా ప్రశ్నపత్రాలు హిందీ, ఇంగ్లీషులలోనే ఉంటాయి. ఢిల్లీ సంస్థల బోధన, నోట్సు, టెస్ట్ సిరీస్ కూడా ఈ రెండు భాషలకే పరిమితం. తెలుగులో రాసిన జవాబును దిద్ది, ఎక్కడ బలహీనంగా ఉన్నదో చెప్పేవారు అక్కడ దొరకడం కష్టం. ఈ అభ్యర్థులకు హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ పరిసరాలు గాని, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల అధ్యాపకుల సహాయం గాని ఎక్కువ ఉపయోగపడవచ్చు.

శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, తెలుగు మాధ్యమంలో, తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా 2016 సివిల్స్ పరీక్షలో జాతీయ స్థాయిలో మూడవ ర్యాంకు సాధించారు. జగిత్యాల జిల్లా మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ 2017 పరీక్షలో మొదటి ర్యాంకు పొందారు. అది ఆయన ఐదవ ప్రయత్నం. అప్పటికే రెవెన్యూ సర్వీసులో ఉన్నారు. మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన దోనూరు అనన్యారెడ్డి ఢిల్లీలోని మిరాండా హౌస్‌లో డిగ్రీ చదివి, 2023 పరీక్షలో మొదటి ప్రయత్నంలోనే మూడవ ర్యాంకు తెచ్చుకున్నారు. ఈ మూడు దారులు ఒకదానికొకటి పోలిక లేనివి. ఒకరికి పనికివచ్చిన పద్ధతి మరొకరికి పనికివస్తుందని గాని, ఢిల్లీలో ఉంటేనే ర్యాంకు వస్తుందని గాని వీటి నుంచి తేల్చలేము.

ఉచిత శిక్షణ మార్గాలు

ఫీజు భరించలేని అభ్యర్థులకు ఢిల్లీలోనే కొన్ని దారులున్నాయి. జామియా మిల్లియా ఇస్లామియా విశ్వవిద్యాలయంలోని రెసిడెన్షియల్ కోచింగ్ అకాడమీ మైనారిటీ, ఎస్సీ, ఎస్టీ, మహిళా అభ్యర్థులకు ప్రవేశ పరీక్ష ద్వారా ఉచిత శిక్షణ ఇస్తున్నది. 2021 సివిల్స్ పరీక్షలో మొదటి ర్యాంకు సాధించిన శ్రుతి శర్మ ఇక్కడ శిక్షణ పొందినవారే. ఎస్సీ అభ్యర్థుల కోసం కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో డాక్టర్ అంబేడ్కర్ సెంటర్స్ ఆఫ్ ఎక్సలెన్స్ 2022 ఏప్రిల్‌లో ప్రారంభమయ్యాయి.

స్వరాష్ట్రంలో ఉండి చదవదలచినవారికి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల స్టడీ సర్కిళ్లు ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2024 జులై 20న రాజీవ్‌గాంధీ సివిల్స్ అభయహస్తం పథకాన్ని ప్రారంభించింది. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయల లోపు ఉండి ప్రిలిమ్స్ దాటిన రాష్ట్ర అభ్యర్థులకు సింగరేణి కాలరీస్ సంస్థ ద్వారా లక్ష రూపాయల సహాయం అందుతుంది. ఇంటర్వ్యూకు ఎంపికైనవారికి కూడా 2025 జనవరిలో లక్ష రూపాయల చొప్పున అందజేశారు.

చేరే ముందు తేల్చుకోవలసినవి

నిపుణుల సలహా కంటే ముందు అభ్యర్థి స్వయంగా చేయగల పని ఒకటుంది. సిలబస్, గత సంవత్సరాల ప్రశ్నపత్రాలు యూపీఎస్సీ వెబ్‌సైటులో ఉచితంగా లభిస్తాయి. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు కూడా ఆన్‌లైన్‌లో ఉచితమే. రెండు మూడు నెలలు ఇంటి వద్దనే వీటిని చదివి, గత ప్రిలిమ్స్ పేపరును గడియారం పెట్టుకుని రాసి చూస్తే, లోటు ఎక్కడున్నదో తెలుస్తుంది. 2023లో జనరల్ కేటగిరీ ప్రిలిమ్స్ కటాఫ్ 200కు 75.41. తన మార్కులు దానికి ఎంత దూరంలో ఉన్నాయో పోల్చుకోవచ్చు. పాఠాలు అర్థం కానివారికి తరగతులు అవసరం. చదివినది జవాబుగా రాయలేనివారికి దిద్ది చెప్పే టెస్ట్ సిరీస్ చాలు. ఆప్షనల్ ఒక్కటే కష్టమైనవారు దానికి మాత్రమే ఫీజు చెల్లించవచ్చు. అవసరం తేలకుండా మొత్తం ప్యాకేజీ కొనడం వల్ల సొమ్ముతో పాటు ఒక సంవత్సరం కూడా పోతుంది. జనరల్ అభ్యర్థికి 32 ఏళ్ల వయోపరిమితిలో ఆరు ప్రయత్నాలే ఉన్నాయి. ఓబీసీలకు తొమ్మిది ప్రయత్నాలు, మూడేళ్ల వయోసడలింపు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్ల సడలింపు, ఆ వయసు వరకు ఎన్ని ప్రయత్నాలైనా ఉన్నాయి.

సంస్థకు వెళ్లినప్పుడు అడగవలసిన ప్రశ్నలు ఇవి: ప్రకటనలో చూపిన విజేతలలో ఈ కోర్సు చేసినవారు ఎందరు? డెమో తరగతి చెప్పిన అధ్యాపకుడే కోర్సు అంతా చెబుతాడా? ఒక్కో బ్యాచ్‌లో ఎంతమంది? జవాబు పత్రాలను ఎవరు దిద్దుతారు, ఎన్ని రోజులలో తిరిగి ఇస్తారు? సిలబస్ ఏ తేదీకి పూర్తవుతుంది? మధ్యలో మానేస్తే ఎంత తిరిగి వస్తుంది? వీటికి కౌన్సెలర్ నోటిమాటగా కాక కాగితం మీద సమాధానం ఇవ్వగలగాలి. అదేరోజు చేరితే తగ్గింపు అని తొందరపెట్టినచోట ఒక రాత్రి ఆగి ఆలోచించడం వల్ల అభ్యర్థికి నష్టం లేదు. రెండు సంవత్సరాలకు మించిన కోర్సులకు ఫీజంతా ఒకేసారి కట్టకుండా వాయిదాలలో చెల్లించడం మేలు.

చివరగా, కుటుంబంలో ముందే మాట్లాడుకోవలసిన విషయం మరొకటి ఉంది. ఎన్ని ప్రయత్నాలు చేయాలి, ఎంత ఖర్చు వరకు భరించగలరు, ఆ తరువాత రెండవ దారి ఏమిటి అన్నది ప్రయాణానికి ముందే నిర్ణయించుకుంటే, విఫలమైన రోజున ఒంటరిగా ఆ భారం మోయవలసిన అవసరం అభ్యర్థికి ఉండదు. ఇంటర్వ్యూ వరకు వెళ్లిన 2,855 మందిలోనే 1,800 మందికి పైగా ఎంపిక కాలేదు. వారంతా ఎంతో సమర్థులే. గ్రూప్స్, బ్యాంకింగ్, బోధన, న్యాయవాద వృత్తి వంటి దారులు వారి ముందు తెరిచే ఉన్నాయి. ఇంటికి ఫోను చేసి ఈసారి కూడా రాలేదని చెప్పగలిగే ధైర్యాన్ని బిడ్డకు ఇవ్వవలసింది శిక్షణ సంస్థ కాదు, తల్లిదండ్రులు.